పోలో జీటీ టీఎస్ఐకి సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే పికప్ ఉంటదా, పోతదా?

నల్లగొండ_జీటీ
నాది 2014 పోలో జీటీ టీఎస్ఐ. 1.2 టర్బో, 105 పీఎస్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేరు. సెకండ్ హ్యాండ్‌ల కొన్న గాని కొత్త బండి లెక్కనే అర్సుకుంటున్న. ఇన్నేండ్లు ఊర్లనే తిరుగుడు కాబట్టి ఖర్చు తెల్వలే. ఇప్పుడు వారంల సగం రోజులు చౌటుప్పల్ పోవాల్సొస్తున్నది, అంత కలిపి నెలకు 1500 కిలోమీటర్లు అయితున్నది. లీటరుకు 12 కంటె ఎక్కువ ఇస్తలేదు, పెట్రోలు 107 దాటింది.

ఒక వర్క్‌షాపాయన "సీక్వెన్షియల్ కిట్ పెడ్త, పెట్రోలు మీద గ్యాసు మీద రెండిట్ల నడుస్తది, పికప్ జరంత గూడ తగ్గది" అంటున్నడు. ఇంకొకాయన బానెట్ ఎత్తి చూసి "ఈ బండికి నేను చెయ్య" అని మళ్ల మూసేసిండు. ఎవరి మాట ఇనాలె? అమ్మెయ్యమని మాత్రం చెప్పకున్రి. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి కాలు పెడితే అది గుంజే గుంజుడు కోసమే కొన్న.

జడ్చర్ల_జంక్షన్
అమ్మెయ్. డీజిల్ కొను.

నల్లగొండ_జీటీ
అమ్మనని పైననే రాసిన గదనే.

మిర్యాల_పానా
టర్బో సంగతి తర్వాత. ముందుగాల చూడాల్సింది ఇంజెక్టర్ యాడుందని. బానెట్ మూసేసిన ఆయనకు అది తెల్సు, అందుకే మూసిండు.

మామూలు బండ్లల్ల పెట్రోలు ఇంజెక్టర్ మానిఫోల్డ్‌ల, అంటే ఇంజన్‌లకు గాలి పోయే గొట్టంల ఉంటది, వాల్వుకు బయట. సీక్వెన్షియల్ కిట్ పెట్టినోడు ఆ పెట్రోలు ఇంజెక్టర్ల సిగ్నల్ ఆపి, పక్కన గ్యాసు ఇంజెక్టర్ల రైలు పెట్టి, ఆ సిగ్నల్‌నే లెక్క మార్చి వాటికి ఇస్తడు. పెట్రోలు పూర్తిగ బంద్. ఏం కాదు, ఆ ఇంజెక్టర్లు సల్లగ కూసుంటయి.

నీ టీఎస్ఐ డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోలు ఇంజెక్టర్ మూతి సీదా మంట మండే గదిలనే ఉంటది. దాన్ని సల్లార్చేది దాంట్లకెల్లి పారే పెట్రోలే. గ్యాసు మీద పెట్టి పెట్రోలు మొత్తం ఆపితే ఆ మూతి మంటల కాల్తది, మసి పడ్తది, సీళ్లు పోతయి. అందుకే డైరెక్ట్ ఇంజెక్షన్‌కు వేరే కిట్ ఉంటది, గ్యాసు మీద నడిచేటప్పుడు గూడ కొంత పెట్రోలు కొట్టుకుంటనే పోతది. 10 నుంచి 20 శాతం అనుకో. ఆ కంప్యూటరు వేరే, దాన్ని ట్యూన్ చేసే మనిషి వేరే. నీకు "జరంత గూడ తగ్గది" అన్నాయన ఆ కిట్టే పెడ్తడా, మామూలు కిట్ పెడ్తడా? అది అడుగు ముందు.

పాలమూరు_పవర్
మరి నెక్సాన్ టర్బో గ్యాసు మీద కంపెనీయే ఇస్తున్నది గదా. గది ఎట్ల నడుస్తున్నది?

మిర్యాల_పానా
నెక్సాన్ 1.2 టర్బోల పెట్రోలు ఇంజెక్టర్లు మానిఫోల్డ్‌లనే ఉంటయి తమ్మీ, డైరెక్ట్ కాదు. 2024ల వచ్చింది నెక్సాన్ ఐసీఎన్‌జీ. మన దేశంల టర్బో ఇంజన్‌కు కంపెనీయే గ్యాసు పెట్టి ఇచ్చిన మొదటి బండి అదే. కంపెనీ లెక్కలనే చూడు, పెట్రోలు మీద 120 పీఎస్, గ్యాసు బండికి 100 పీఎస్. అన్ని పరీక్షలు చేసుకున్న కంపెనీకే 20 పోయినంక, మన సందుల షెడ్డుల ఏం తగ్గదని ఎట్ల అంటడు?

తుంగతుర్తి_టర్బో
పానా అన్న చెప్పిందాంట్ల సగం ఒప్పుకుంట, సగం ఒప్పుకోను.

గ్యాసుకు ఆక్టేన్ పెట్రోలు కంటె శానా ఎక్కువ, 120కి పైన ఉంటది. మనకు బంకుల దొరికే మామూలు పెట్రోలు 91, ఇప్పుడిప్పుడు 95. ఆక్టేన్ ఎక్కువ ఉంటే నాకింగ్ రాదు, అంటే లోపల తప్పు టైముల మండి టకటక కొట్టదు, బూస్ట్ (టర్బో గాలి నెట్టే ప్రెషర్) పెంచుకోవచ్చు. అంటే టర్బో ఇంజనే గ్యాసుకు అసలైన జోడీ. ఇదే ఫోక్స్‌వ్యాగన్ యూరప్‌ల పసాట్‌ను 1.4 టీఎస్ఐ ఎకోఫ్యూయల్ అని 150 పీఎస్‌తో గ్యాసు మీద అమ్మింది. తర్వాత పోలోనే టీజీఐ పేరుతోని 1.0 లీటరు టర్బో, 90 పీఎస్, కంపెనీ గ్యాసుతోని వచ్చింది. "టర్బోకు గ్యాసు పడది" అనే మాట నిజం కాదు.

మిర్యాల_పానా
టర్బోకు పడదని నేను యాడ రాసిన? మళ్ల సదువు.

నువ్వు చెప్పిన బండ్లు గ్యాసు కోసమే తయారైనయి. వాల్వులు, వాల్వు సీట్లు గట్టివి వేసిన్రు. గ్యాసు ఇంజెక్టర్లు, కంప్యూటరు మ్యాపులు అన్ని ఫ్యాక్టరీలనే సెట్ చేసిన్రు. మనోళ్లు అమ్మిన జీటీ పెట్రోలు బండి. కిట్ పెట్టినంక బూస్ట్ పెంచుడు నీ వర్క్‌షాపాయన చేతిల లేదు, అది ఇంజన్ కంప్యూటరు చేతిల ఉన్నది.

ఇంకొకటి. సీఎన్‌జీల ఉండే మీథేన్ మెల్లగ మండుతది. స్పార్కు కొంచెం ముందుగాల కొట్టాలె, దానికి టైమింగ్ అడ్వాన్స్ ప్రాసెసర్ అని వేరే పెట్టాలె. అది పెట్టకపోతే మంట ఆలస్యంగ ముగుస్తది, ఎగ్జాస్టు వేడెక్కుతది. ఆ వేడి ముందు తగిలేది టర్బోకే.

తుంగతుర్తి_టర్బో
టైమింగ్ సంగతి ఒప్పుకుంటున్న. కానీ సరైన కిట్, సరైన ట్యూనింగ్ ఉంటే డైరెక్ట్ ఇంజెక్షన్‌కు గూడ అయితది. "కాదు" వేరు, "మన దగ్గర చేసేటోడు లేడు" వేరు.

మిర్యాల_పానా
గదైతే నేను ఒప్పుకుంట. నల్లగొండల చేసేటోన్ని నేను చూడలే.

సూర్యాపేట_సిటీ
నాది హోండా సిటీ 1.5 ఐ-వీటెక్, 119 పీఎస్. టర్బో లేదు, మామూలు ఇంజెక్షన్. కిట్ పెట్టించి ఏండ్లయింది, పిల్లల కాలేజీ హైదరాబాద్‌ల ఉండంగ పెట్టించిన. నా అనుభవం రాస్త, పనికొస్తే తీసుకోండి.

పికప్ తగ్గుతుంది. ఇందులో వాదన లేదు. గాలి పోయే దారిలోనే గ్యాసు గూడ పోతుంది కాబట్టి ఆ మేరకు గాలి తక్కువ పడుతుంది, లోపలికి పోయే మిశ్రమంలో దాదాపు పదో వంతు గ్యాసే. నాకు పదిహేను శాతం దాకా తగ్గినట్టు అనిపిస్తుంది. ఊర్లో తెలియదు. పంతంగి టోల్ దాటినాక లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు స్విచ్ నొక్కి పెట్రోలుకు మారుస్త, ఓవర్‌టేక్ అయినాక మళ్ల గ్యాసు. అలవాటైతే చెయ్యి దానంతటదే పోతుంది.

సిటీ వీటెక్ మజా ఇంజన్ చివరిదాకా తిరిగేటప్పుడే కదా. గ్యాసు మీద అక్కడే ఊపిరి ఆడదు. కింది ఆర్‌పీఎంలో పర్వాలేదు. స్పోర్టీగా నడపాలంటే పెట్రోలు, డబ్బు మిగలాలంటే గ్యాసు. రెండు ఒకేసారి రావు.

మైలేజీ మాత్రం బాగుంది. ఒక కిలో గ్యాసులో దాదాపు లీటరున్నర పెట్రోలు అంత శక్తి ఉంటుంది. లీటరుకు 13 ఇచ్చే బండి కిలోకు 19, 20 ఇస్తుంది.

కోదాడ_కవిత
డిక్కీ సంగతి ఎవరూ రాయలేదేంది? ఇంట్ల లొల్లి అయ్యేది దానికే.

సూర్యాపేట_సిటీ
సిటీ డిక్కీ పెద్దది కాబట్టి 60 లీటర్ల సిలిండర్ పెట్టినా రెండు బ్యాగులు పడతాయి. హ్యాచ్‌బ్యాక్‌లో అంత జాగా ఉండదు. స్టీలు సిలిండర్, బ్రాకెట్ కలిపి అరవై కిలోల చుట్టు ఉంటుంది, అది ఎప్పుడూ వెనక యాక్సిల్ మీదే. నేను వెనక స్ప్రింగులు మార్పించిన. మలుపుల దగ్గర బండి నడక మారుతుంది, జీటీ లాంటి బండికి ఇది చిన్న విషయం కాదు.

కోదాడ_కవిత
మా ఇంటాయన స్విఫ్ట్‌కు పెట్టించిండు. బతుకమ్మకు మా అమ్మగారింటికి పోవాలంటే తంగేడు పువ్వు ఒళ్లె పెట్టుకోని కూసున్నం నేను, మా అత్తమ్మ. దిగేసరికి ఇద్దరం బతుకమ్మలమే.

పాలమూరు_పవర్
😂 ఫొటో పెట్టక్కా

జడ్చర్ల_జంక్షన్
అందుకే టాటావోళ్లు 2023ల ఆల్ట్రోజ్‌కు రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున పెట్టిన్రు. 30, 30 లీటర్లు. మీద సామాను పెట్టుకోవచ్చు. అది చూసినంకనే మా బామ్మర్ది కొన్నడు. స్టార్టింగు గూడ సీదా గ్యాసు మీదనే.

నల్లగొండ_జీటీ
అంటే బయట పెట్టే కిట్ గ్యాసు మీద స్టార్ట్ కాదా?

మిర్యాల_పానా
సీక్వెన్షియల్ కిట్ మామూలుగ పెట్రోలు మీద స్టార్ట్ అయితది. సిలిండర్ల గ్యాసు 200 బార్ ప్రెషర్ల ఉంటది. దాన్ని తగ్గించే రెడ్యూసర్ల గ్యాసు ఒక్కసారి విప్పుకునేసరికి గడ్డకట్టేంత సల్లగైతది. అందుకే ఇంజన్ కూలెంట్ వేడి నీళ్లు దాంట్లకెల్లి తిప్పుతరు. ఆ నీళ్లు 35, 40 డిగ్రీలకు వచ్చినంకనే కంప్యూటరు గ్యాసుకు మారుస్తది. మన ఎండల ఆలస్యం కాదు. కానీ క్లాక్ టవర్ నుంచి పానగల్లు పోయొచ్చే పనికైతే, ముఖ్యంగ చలికాలం పొద్దుగాల, గ్యాసు మీదికి మారినంక ఎంతో దూరం నడువది.

సాగర్_కట్ట
గదే కారణంతోని పెట్రోలు ట్యాంకు ఎప్పుడు ఖాళీ పెట్టొద్దు. గ్యాసు ఉన్నది గదా అని రిజర్వుల తిప్పుతరు కొందరు. చాలా కిట్లల్ల పెట్రోలు పంపు తిరుగుతనే ఉంటది, దాన్ని సల్లార్చేది ట్యాంకుల పెట్రోలే. పంపు కాలిపోతే మిగిలిన పైసలన్ని దానికే పోతయి. పావు ట్యాంకు ఉంచుకోవాలె, అప్పుడప్పుడు పెట్రోలు మీద గూడ నడపాలె.

బీమా_పద్మ
ఇంజన్ గురించి మాట్లాడేవాళ్లు మస్తు మంది ఉన్నారు, కాగితాల గురించి నేను రాస్తాను. రోజూ చూసే పని ఇది.

ఒకటి, కిట్‌కు ఏఆర్ఏఐ, ఐకాట్ లాంటి టెస్టింగ్ సంస్థ ఇచ్చిన అప్రూవల్ ఉండాలి. అది మీ ఇంజన్ సైజుకూ, మీ బండి బీఎస్ కాలుష్య నార్మ్‌కూ వర్తించాలి. "మా కిట్‌కు అప్రూవల్ ఉంది" అంటే సరిపోదు, మీ బండికి ఉందా అని అడగండి. బీఎస్-6 బండ్లకు బయట కిట్ పెట్టుకోవడానికి కేంద్రం 2022 ఆగస్టులో అనుమతి ఇచ్చింది, అంతకుముందు బీఎస్-4 దాకానే. సిలిండర్‌కు పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి వేరే, అది నాగపూర్ నుంచి వచ్చేది.

కిట్ పెట్టాక ఆర్టీఏలో బండి చూపించి, ఆర్సీలో ఇంధనం పెట్రోలు/సీఎన్‌జీ అని మార్పించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇది తప్పనిసరి. బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు ముందు తీసుకోవాలి.

ఆ తర్వాత బీమా. ఓన్ డ్యామేజీలో (మన బండి నష్టానికి కట్టేది) కిట్ ధర మీద 4 శాతం, థర్డ్ పార్టీలో 60 రూపాయలు అదనం. 60 వేల కిట్‌కు ఏడాదికి 2,400 చుట్టు పడుతుంది. ఆ మాత్రం దానికి చెప్పకుండా దాచిపెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ప్రమాదం అయ్యాక సర్వేయర్ డిక్కీ తెరుస్తాడు, సిలిండర్ కనిపిస్తుంది, పాలసీలో ఉండదు. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేది ఇంట్లోవాళ్లు. దయచేసి చెప్పండి, రాయించుకోండి.

కల్వకుర్తి_కారు
పద్మక్క చెప్పింది అక్షరం అక్షరం నిజం. నేను హైదరాబాద్‌ల ఒక షాపుల పెట్టించిన. తక్కువల చేసిండు, సిలిండర్ సర్టిఫికెట్ తర్వాత పంపిస్త అన్నడు, పంపలే. ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. తర్వాత హైవే మీద బంకుల గ్యాసు కొట్టే పిల్లగాడు సిలిండర్ ప్లేటు అడిగిండు. లేదంటే కొట్టనన్నడు. నాకు కోపం వచ్చింది గాని వాడు చేసిందే కరెక్టు. 200 బార్ కొట్టేది వాడు, పక్కన నిలబడేది వాడు.

సాగర్_కట్ట
ఆ పిల్లగాన్ని మెచ్చుకోవాలె.

అందరికి తెల్వాల్సింది ఇంకొకటి, ప్రతి 3 ఏండ్లకు సిలిండర్‌కు హైడ్రో టెస్టు చేయించాలె. సిలిండర్ విప్పి, నీళ్లు నింపి, మామూలు కంటె ఎక్కువ ప్రెషర్ పెట్టి చూస్తరు. టెస్టు తేదీ ప్లేటు మీద ఉంటది. తేదీ దాటితే గ్యాసు కొట్టరు, కొట్టొద్దు గూడ.

దేవరకొండ_డ్రైవరన్న
ఇంత లొల్లి ఎందుకు, ఎల్పీజీ పెట్టుకో. సిలిండర్ చిన్నది, ప్రెషర్ తక్కువ. మా దోస్తు ఇంటి సిలిండర్‌తోనే నింపుకుంటడు.

మిర్యాల_పానా
ఆటో ఎల్పీజీ పెట్టుకునుడు తప్పు లేదు, దానికి కిట్ వేరే, బంకు వేరే. ఇంటి సిలిండర్ నుంచి మోటరుతోని ఎక్కించుడు మాత్రం నేరం, ప్రాణం మీదికి తెచ్చుకునుడు. ఎల్పీజీ గాలి కంటె బరువు. లీకైతే కింద పరుచుకోని అక్కడే ఉంటది, నిప్పురవ్వ దొరికేదాకా. సీఎన్‌జీ గాలి కంటె తేలిక, బయట ఉంటే పైకి లేచి పోతది. మీ దోస్తుకు ఇయ్యాలనే చెప్పు, ఆపమను.

దేవరకొండ_డ్రైవరన్న
చెప్త అన్నా. నాకు గూడ ఆ పద్ధతి చూస్తే భయమే.

నల్లగొండ_జీటీ
లెక్క వేసిన, చూడున్రి. 1500 కిలోమీటర్లకు 12 చొప్పున 125 లీటర్లు, 107 చొప్పున 13,375. గ్యాసు కిలోకు 18 ఇస్తదనుకుందాం, 83 కిలోలు, కిలో 96 అనుకుంటే 8,000. నెలకు 5,400 మిగుల్తది. కిట్ 65 వేలు చెప్తున్నడు. ఏడాదిల వచ్చేస్తది గదా?

సూర్యాపేట_సిటీ
నా సిటీ లాంటి బండికైతే ఈ లెక్క కరెక్టే. నీ బండికి పానా చెప్పిన 20 శాతం పెట్రోలు కలుపు. 25 లీటర్లు పెట్రోలు, 2,675. గ్యాసు 67 కిలోలు, 6,400 పైన. మొత్తం 9,100. మిగిలేది 4,300. 65 వేలు మామూలు కిట్ ధర, డైరెక్ట్ ఇంజెక్షన్ కిట్ అంతకంటే ఎక్కువ ఉంటుంది. లక్ష అయితే రెండేండ్లు పడుతుంది. 2014 బండికి రెండేండ్లు ఆగాల్నా?

పాలమూరు_పవర్
లెక్కల సారు వచ్చిండు

మిర్యాల_పానా
అది గాక ఖర్చులున్నయి. గ్యాసు మంట పొడిగ ఉంటది, వాల్వు సీట్లు తొందరగ అరుగుతయి, కొన్ని బండ్లకు ట్యాపెట్ క్లియరెన్సు చూపించుకుంట ఉండాలె. ప్లగ్గులు తొందరగ మార్చాలె, గ్యాపు కొంచెం తగ్గించాలె. గ్యాసు మండియ్యాలంటే స్పార్కుకు ఎక్కువ బలం కావాలె, పాత కాయిళ్లు ఉంటే మిస్సింగ్ మొదలైతది. గ్యాసు ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు. ఇవన్ని కలిపి చూడాలె.

జడ్చర్ల_జంక్షన్
గ్యాసు దొరుకుడు గురించి గూడ మాట్లాడున్రి. మా దిక్కు 44 హైవే మీద బంకులు పెరిగినయి గాని, పైపులైను లేని బంకులకు గ్యాసు బండ్ల మీద సిలిండర్ల గుత్తులు పెట్టుకోని తెస్తరు. బండి కొత్తగ వచ్చినప్పుడు పోతే నిండుగ ఎక్కుతది. గుత్తి సగం అయిపోయినంక పోతే ప్రెషర్ పడిపోయి సగమే ఎక్కుతది. ఆటోలు లైను కట్టి ఉంటయి. వనపర్తి, గద్వాల దిక్కు పోయేటోళ్లు ముందుగాల కనుక్కోని బయలెల్లాలె.

సాగర్_కట్ట
ఎండాకాలం ఇంకో యాష్ట. వేడికి గ్యాసు ఉబ్బుతది, కొట్టేటప్పుడు సిలిండర్ గూడ వేడెక్కుతది. 200 బార్ ముల్లు తొందరగ చూపిస్తది గాని లోపల కిలోలు తక్కువ. 60 లీటర్ల సిలిండర్‌ల చలికాలం 9 పైన పడితే, మే నెల మధ్యాహ్నం 8 పడుడే కష్టం. నేను పొద్దుగాలనే కొట్టిస్త.

అచ్చంపేట_ఘాట్
శ్రీశైలం రోడ్డు ఎక్కేటోళ్లకు ఒక మాట. మన్ననూరు దాటి అడవిల వడ్డంక గ్యాసు బంకు ఉండదు, ఈగలపెంట, దోమలపెంట దిక్కు మలుపులు, ఎత్తులు. నిండు బండి గ్యాసు మీద ఎక్కేటప్పుడు రెండో గేరుల ఏడుస్తది. ఘాట్ ముందల పెట్రోలు మీదికి మార్చుకోవాలె. రాత్రి 9 దాటితే చెక్‌పోస్టుల ఎట్లాగూ ఇడువరు, తొందరపడి బండిని తన్నొద్దు.

కోదాడ_కవిత
నిరుడు శివరాత్రికి పోయినప్పుడు ఇదే అయింది, ఏసీ బంద్ చేస్తె గాని ఎక్కలే. మా అత్తమ్మ "మల్లన్నా నువ్వే గుంజాలె" అని దండం పెట్టుకుంట కూసున్నది. గుంజిండు మరి.

తుంగతుర్తి_టర్బో
కవితక్కా, మీది 1.2 స్విఫ్ట్ గదా. కంపెనీ ఇచ్చిన స్విఫ్ట్ ఎస్-సీఎన్‌జీ 2022ల వచ్చినప్పుడు గ్యాసు మీద 77.5 పీఎస్, పెట్రోలు బండికి 90. ఐదుగురు, సామాను, ఘాట్ అంటే కష్టమే. నేను మొదటి నుంచి చెప్పేది గదే, గ్యాసు మీద పికప్ కావాలంటే టర్బో ఉండాలె. గాలి తక్కువ పడే లోటు బూస్ట్ తీరుస్తది. నెక్సాన్‌కు 20 పీఎస్ పోయినా టార్క్ (గుంజే బలం) 170 ఎన్ఎం అట్లనే ఉన్నది, అది చూడాలె. ఓవర్‌టేక్‌ల పనికొచ్చేది టార్కే.

మిర్యాల_పానా
గీ పాయింటు నీదే. టార్క్ గురించి నువ్వు చెప్పింది వంద శాతం కరెక్టు.

పాలమూరు_పవర్
ఇద్దరు ఒప్పుకున్నరు, స్క్రీన్‌షాటు తీసిన

నల్లగొండ_జీటీ
మీరు చెప్పినయన్ని రాసుకోని ఆ వర్క్‌షాపుకు పోయిన. డైరెక్ట్ ఇంజెక్షన్ కిట్టేనా అని అడిగిన. "అన్నిటికీ ఒకటే కిట్" అన్నడు. 1.2 టీఎస్ఐకి అప్రూవల్ కాగితం చూపియ్యమన్న, వేరే బండి పేరు మీద ఉన్నది చూపించిండు. టైమింగ్ ప్రాసెసర్ అంటే ముఖం చిట్లించిండు. ఆర్సీ మార్పు "మీరే చేయించుకోండి" అన్నడు. దండం పెట్టి వచ్చేసిన.

తర్వాత హైదరాబాద్‌ల ఇంకో చోట అడిగితే, వాళ్లు మర్యాదగ చెప్పిన్రు, ఈ ఇంజన్‌కు మా దగ్గర అప్రూవల్ లేదు, చెయ్యం అని. వాళ్ల మీద గౌరవం పెరిగింది.

కాబట్టి జీటీకి గ్యాసు పెట్టిస్తలేను. పెట్రోలు మీదనే ఉంటది, ఇంట్లోల్లతోని పోయేటప్పుడు, ఆదివారం సాగర్ పోయేటప్పుడు. చౌటుప్పల్ తిరుగుడుకు గ్యాసు ఉన్న పాత బండి ఒకటి చూస్తున్న. సూర్యాపేటల ఒక సిటీ ఉన్నదట, కిట్ పెట్టించిందే. ఏమేం చూడాలె?

జడ్చర్ల_జంక్షన్
రెండు బండ్లా! నేను అమ్మమంటే ఇంకొకటి కొంటున్నడు.

బీమా_పద్మ
మంచి నిర్ణయం తమ్ముడూ. ఆర్సీలో పెట్రోలు/సీఎన్‌జీ అని ఉందో లేదో ముందు చూడు. లేకపోతే ధర ఎంత తగ్గించినా అడ్వాన్సు ఇవ్వకు. పాలసీలో కిట్ రాసి ఉందా చూడు. నీ పేరు మీదికి మార్చేటప్పుడు బీమా గూడ 14 రోజుల్లోపు మార్పించుకో, మరిచిపోతారు చాలామంది.

మిర్యాల_పానా
ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు పో, అమ్మేటాయన ముందే వేడి చేసి పెట్టకుంట చూడు. పెట్రోలు మీద స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచు. పెట్రోలు మీద ఐడిల్ వణికితే ఆ బండి ఏండ్ల నుంచి గ్యాసు మీదనే తిరిగింది, పెట్రోలు ఇంజెక్టర్లు జామైనయని అనుమానపడాలె. గ్యాసుకు మారేటప్పుడు కుదుపు ఉండొద్దు. ట్యాపెట్ల సప్పుడు ఇను. ఒక్కసారి కంప్రెషన్ కొలిపించు, వాల్వు సీట్ల సంగతి దాంట్ల తెలుస్తది.

సాగర్_కట్ట
సిలిండర్ ప్లేటు మీద తయారైన ఏడు, ఆఖరి హైడ్రో టెస్టు తేదీ రెండు చూడు. ప్లేటు మీది సీరియల్ నంబరు, సిలిండర్ మెడ మీద గుద్దిన నంబరు ఒకటే ఉండాలె. తుప్పు, సొట్ట ఉంటే తీసుకోకు. కీళ్ల దగ్గర సబ్బు నురగ పెట్టి చూడు, బుడగలొస్తె లీకు.

నల్లగొండ_జీటీ
ఫోన్ల ప్లేటు ఫొటో తెప్పించుకున్న. టెస్టు తేదీ దాటి నాలుగు నెలలైంది. మిగతావి మంచిగనే ఉన్నట్టున్నయి, ఆర్సీల సీఎన్‌జీ ఉన్నది. ఒదిలెయ్యాల్నా?

సూర్యాపేట_సిటీ
ఆర్సీ సరిగ్గ ఉంటే వదలకు. టెస్టు ఆయనతోనే చేయించమను, కాగితం చేతికొచ్చినాకనే పైసలియ్యి. అప్పటిదాకా గ్యాసు కొట్టించొద్దు, పెట్రోలు మీదనే నడిపి చూడు. మెకానిక్ కావాలంటే నా బండి చూసే ఆయన దగ్గరికి తీసుకపోత, పొద్దున ఏడింటికే షాపు తెరుస్తడు, ఇంజన్ సల్లగ ఉండంగనే చూపియ్యొచ్చు. నంబరు మెసేజ్‌ల పెట్టిన.